నైరుతి గోడ మీద చెయ్యి పెట్టి చూశాను

తిరుపతిలో గంగమ్మ జాతర వారం అది. మా బావమరిది బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. "బావా, చంద్రగిరి రోడ్డు వైపు ఏదో గ్రీన్ ప్రాజెక్టు వస్తోందంట. నువ్వొకసారి పోయి చూసి రా. బ్రోచర్ మాత్రం అదిరిపోయింది" అన్నాడు. ఆ బ్రోచర్ నాకూ వాట్సాప్‌లో పంపాడు. ముప్పై రెండు పేజీలు. అందులో ఆకుపచ్చ రంగు లేనిది ఒక్క ధరల పేజీయే. వెర్టికల్ గార్డెన్, యోగా డెక్, పచ్చిక, ఫౌంటెన్, ఎలక్ట్రిక్ కార్లకు చార్జింగ్ పాయింట్లు అన్నీ ఉన్నాయి. వెనకాల మన కొండ కూడా ఉంది. కాకపోతే శేషాచలం మీద ఎర్రరాళ్ళన్నీ తీసేసి గడ్డి పరిచారు.

నేను కావాలనే మధ్యాహ్నం మూడింటికి పోయాను. సైట్ ఆఫీసులో కుర్రాడు "సాయంత్రం రాకూడదా సార్, ఇంత ఎండలో" అన్నాడు. ఎండ చూడ్డానికే వచ్చానంటే నవ్వాడు. మోడల్ ఫ్లాట్‌లో ఏసీ వేసి పెట్టారు. అది వద్దని, పూత పని జరుగుతున్న నాలుగో అంతస్తుకు తీసుకుపొమ్మన్నాను. నైరుతి మూల పడకగదిలోకి పోయి, పడమటి గోడకు లోపలి వైపు అరచెయ్యి ఆనించాను. కాలిపోయిందని అబద్ధం చెప్పను. మధ్యాహ్నం దాకా నీడలో ఉన్న గోడ కదా, అప్పటికింకా గోరువెచ్చగానే ఉంది. "చూసినారా సార్, ఎట్ట చల్లగా ఉందో" అన్నాడు కుర్రాడు.

నేను కిందికి దిగి వాచ్‌మన్‌తో కబుర్లు చెబుతూ, టీ తాగుతూ కాలక్షేపం చేసి, ఆరున్నరకు మళ్ళీ ఎక్కి అదే చోట చెయ్యి పెట్టాను. ఈసారి ఎక్కువసేపు ఉంచలేకపోయాను. బయట పొద్దు వాలింది, గాలి తిరిగింది. గోడ మాత్రం అప్పుడే డ్యూటీ ఎక్కింది. మధ్యాహ్నమంతా తాగిన ఎండను రాత్రి పదకొండు దాకా గదిలోకి వదులుతూ ఉంటుంది, సరిగ్గా మనిషి పడుకునే వేళకు.

అప్పటినుంచీ నా బుర్రలో ఈ పోస్టు తిరుగుతోంది. మన ఊళ్ళో ఒక అపార్ట్‌మెంటు పర్యావరణానికి మంచిదా కాదా తేల్చడానికి దాని చుట్టూ ఎంత పచ్చదనం అతికించారో చూడక్కర్లేదని నా అభిప్రాయం. పడమటి ఎండను ఎక్కడ ఆపారు, మిద్దె మీద పడ్డ వానను ఎక్కడికి పంపారు, ఈ రెండూ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. రెండూ పునాది రోజుల్లోనే ఖాయమైపోతాయి. ఖాయం చేసేవాడు ఆ ఇంటి కరెంటు బిల్లు ఒక్క నెల కూడా కట్టడు. ముప్పై ఏళ్ళు కట్టబోయే మనం ఆ రోజుల్లో అక్కడికి పోయి కార్ పార్కింగ్ ఎక్కడిస్తారని మాత్రం అడుగుతాం.

వాస్తులో సగమే తీసుకున్నాం

ఏ ఫ్లాటు ప్లాను తీసుకున్నా మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలోనే ఉంటుంది. వంటిల్లు ఆగ్నేయం, దేవుడు ఈశాన్యం, యజమాని నైరుతి. వాస్తు నమ్మని బిల్డరు కూడా అలాగే గీయిస్తాడు, లేకపోతే అమ్ముడుపోదు. దక్షిణం ఎండ, పడమటి ఎండ రెండూ కలిసే మూల అది. అంటే ఇంట్లో అన్నింటికన్నా ఎక్కువ ఉడికే మూలలో, అన్నింటికన్నా ఎక్కువసేపు పడుకునే గది పెట్టుకుంటున్నాం.

వాస్తును తిట్టడానికి ఇది రాయడం లేదు. పాకాల దగ్గర పల్లెలో మా తాత కట్టిన ఇంట్లోనూ పెద్ద గది నైరుతిలోనే ఉండేది. కానీ ఆ గోడ అడుగున్నర మందం మట్టి గోడ. దాన్ని ఆనుకుని పడమటి వైపు పశువుల కొట్టం, కొట్టం దాటితే రెండు చింతచెట్లు. సాయంత్రం నాలుగింటి ఎండ చింతచెట్లకు తగిలి, మిగిలింది కొట్టం మీద పడి, ఆ తర్వాత కదా గదికి చేరాలి. నైరుతి బరువుగా ఉండాలి, పెద్ద చెట్లు దక్షిణ పడమరల్లో ఉండాలి, తూర్పు ఉత్తరాలు ఖాళీగా వదలాలి అని సిద్ధాంతులు ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. మన ప్లానుల్లో గది నైరుతిలోనే ఉండిపోయింది గానీ, దాని బరువు తీసేసి ఆరంగుళాల సిమెంటు దిమ్మెల గోడ పెట్టారు. చెట్ల చోట పార్కింగ్ టైల్స్ వచ్చాయి. ఏ సిద్ధాంతీ దీన్ని వాస్తు దోషం అనడం నేను వినలేదు.

పాత ఇల్లు స్వర్గమనీ అనను. మా తాత వేసవిలో ఒక్కరాత్రి కూడా ఆ గదిలో పడుకోలేదు. వాకిట్లో నులకమంచం వేసుకునేవాడు. గది బట్టలకు, బియ్యం మూటలకు, మా అవ్వ ట్రంకు పెట్టెకు. ఫ్లాటులో మనకు వాకిలి లేదు. ఆ మూల గదిలోనే పడుకోవాలి కాబట్టి, ఆ గోడ మరింత బాగుండాల్సింది పోయి మరింత పలచనైంది.

సజ్జ ఉంది కదా అంటారు. కిటికీ మీద అడుగున్నర సజ్జ దక్షిణం వైపు బాగానే పనిచేస్తుంది, అక్కడ సూర్యుడు ఎత్తులో ఉంటాడు కాబట్టి. పడమట నాలుగింటికి సూర్యుడు కిందికి దిగి సజ్జ కిందనుంచి నేరుగా లోపలికి చూస్తాడు. ఆ వైపు పనికొచ్చేవి నిలువు అడ్డాలు, జాలీ గోడ, బట్టలారేసుకునే చిన్న యుటిలిటీ బాల్కనీ, లేదా ఒక చెట్టు. బాత్‌రూములనూ మెట్లనూ పడమటి వైపుకు తోసేసినా సరిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, గీసేటప్పుడు గుర్తుంటే చాలు.

ఇదంతా నా సొంత సిద్ధాంతం కాదు. కేంద్రంలో ఇంధన పొదుపు సంగతి చూసే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో ఇళ్ళ కోసం ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ తెచ్చింది. గోడల గుండా, కిటికీల గుండా లోపలికి వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదంటుంది. ఆ లెక్కలో ఒక్కో దిక్కుకు ఒక్కో గుణకం ఉంది. మన అక్షాంశాల్లో ఉత్తరపు గోడకు 0.66 వేస్తే, పడమటి గోడకు 1.16 దాకా వేస్తారు. తూర్పుకూ దాదాపు అంతే వేస్తారు, అది చూసి నేనూ మొదట తికమకపడ్డాను. తూర్పు గోడకు రాత్రంతా చల్లబడే అవకాశం ఉంది, ఎండ తగిలేసరికి గాలి కూడా ఇంకా వేడెక్కదు. పడమటి గోడ అప్పటికే సగం వేడెక్కిన గాలిలో నిలబడి ఎండను అందుకుంటుంది. పైగా అది వేడిని వదిలే వేళ మన నిద్ర వేళ. ఈ తేడా గుణకంలో కనపడదు, చెమటలో కనపడుతుంది.

2018లో వచ్చినప్పుడు ఆ సంహితను 500 చదరపు మీటర్లు, ఆ పైన ఉన్న స్థలాలకు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే దాదాపు 150 అంకణాలు. (నెల్లూరు వాళ్ళు చదువుతుంటే, మా అంకణం 36 చదరపు అడుగులే, మీ 72తో లెక్కెయ్యకండి.) అంటే తిరుపతిలో లేచే మామూలు అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు చాలా ఆ పరిధిలోకి వచ్చే సైజువే. అయితే రాష్ట్రాలు తమ నిబంధనల్లో కలుపుకుంటేనే అది కట్టడాల దాకా వస్తుంది. మా సైట్ ఆఫీసు కుర్రాడిని ఎకో నివాస్ అని అడిగితే, "అది వేరే వెంచర్ సార్, రేణిగుంట సైడు" అన్నాడు.

గుంటల ఊళ్ళో ఇంకుడుగుంట

మన ఊరి పేటల పేర్లు ఒకసారి బయటికి చదవండి. తాతయ్యగుంట, కొర్లగుంట, తుమ్మలగుంట. గంగమ్మ తల్లి కూడా తాతయ్యగుంట గంగమ్మే. కొండ మీద పడిన వాన దిగొచ్చి ఆగడానికి పెద్దవాళ్ళు చేసుకున్న ఏర్పాటు ఆ పేర్లలో మిగిలింది. 2021 నవంబరులో వాన దంచినప్పుడు ఊరు పడ్డ పాట్లు ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో భూమిలో పాతిన సిమెంటు రింగుల నీళ్ళ తొట్టి, శుభ్రం చేస్తుంటే, తనంతట తానే పైకి లేచిందే, అది గుర్తుందా? టీవీలవాళ్ళు వింత అన్నారు. ఖాళీ బిందెను నీళ్ళలో ముంచి వదిలితే పైకి వస్తుంది కదా, అదే జరిగింది. చుట్టూ నేల అంతగా నీళ్ళు తాగేసి ఉంది. ఆ వారం వీధుల్లో మోకాళ్ళ లోతు నీళ్ళు. తర్వాతి ఏప్రిల్‌లో అదే వీధుల్లో ట్యాంకర్లు.

ఆ ఏడాదే నన్ను మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కు సెక్రటరీని చేశారు, మీటింగుకు ఆలస్యంగా పోయినందుకు శిక్షగా. మాది 2014లో కట్టింది. స్టిల్ట్ మీద అయిదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, 190 అంకణాల స్థలం. ప్లానులో ఈశాన్యంలో ఇంకుడుగుంట అని గీసి ఉంది. నీళ్ళను, నేలను, చెట్లను కాపాడే వాల్టా చట్టం వచ్చింది 2002లో, ఇంకుడుగుంట లేకుండా ప్లాను పాస్ కాదు. ఆ గుంట ఎక్కడుందో ఇరవై ఇళ్ళలో ఎవరికీ తెలియదు. చివరికి ఒక ఫ్లాటు వాళ్ళ కారు కింద దొరికింది. కారు తీయించి, మూత లేపడానికి ఇద్దరు మనుషులు గడ్డపారలతో గంటసేపు కష్టపడ్డారు.

లోపల ఏముంది? నాలుగడుగుల లోతు. రెండు గట్టిపడిన సిమెంటు మూటలు, ఒక తెగిన చెప్పు, పెయింటు డబ్బాలు. కంకర లేదు, ఇసుక లేదు. అన్నింటికన్నా ముఖ్యం, గుంటలోకి వచ్చే పైపు లేదు. మిద్దె మీది నాలుగు పైపులూ శుభ్రంగా రోడ్డు కాలవలోకి దిగుతున్నాయి. అంటే ఏడేళ్ళుగా ఆ గుంటలో ఒక్క చుక్క వాన పడలేదు. అధికారి వచ్చి చూసే రోజుకు గొయ్యి ఉంటే చాలు, పైపు గురించి ఆయన అడగడు అని కట్టినవాళ్ళకు తెలుసు.

మా మిద్దె సుమారు 4,000 చదరపు అడుగులు, అంటే 370 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. కార్తీకంలో ఒక్క మంచి వాన 50 మిల్లీమీటర్లు పడిందనుకోండి, 18,500 లీటర్లు. తడికీ ఆవిరికీ కొంత తీసేసినా మూడు ట్యాంకర్ల నీళ్ళు. ఆ మూడు ట్యాంకర్లను రోడ్డు మీదికి పంపి, ఎండాకాలం అవే మూడు ట్యాంకర్లను డబ్బులిచ్చి పిలిపించుకుంటున్నామని మీటింగులో చెప్పాను. ఎవరూ కాదనలేదు. ఇంటికి అయిదొందలు వేసుకోవడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

పైపులు మళ్ళించాం. గుంటను ఎనిమిదడుగులు దింపి, అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆ పైన ఇసుక పోశాం. మిద్దె మీది చెత్త రాకుండా మొదటి వాన నీళ్ళు బయటికి వదిలే వాల్వు ఒకటి పెట్టాం. మరి బోరు పొంగిందా? లేదు. ఇక్కడ నిజం చెప్పాలి. మన కింద ఉన్నది గట్టి రాయి. బోరు నీళ్ళు రాతి పగుళ్ళలోంచి ఎక్కడెక్కడినుంచో వస్తాయి. మనం ఇంకించింది మన బోరుకే వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. మేమింకించిన నీళ్ళు పక్క లాడ్జి బోరులోకి పోతున్నాయేమో, దాంట్లో యాత్రికులు స్నానాలు చేస్తున్నారేమో. "అయితే మనకేంటి లాభం?" అని రెండో అంతస్తు ఆయన ఇప్పటికీ అడుగుతాడు. ఆయన ప్రశ్నలో తప్పేమీ లేదు. వాన పడ్డ రోజు మా గేటు ముందు ఇదివరకటిలా మడుగు కట్టడం లేదు. నేను కళ్ళతో చూసిన లాభం అంతవరకే.

చెన్నైలో మా చిన్నాన్న వాళ్ళుంటారు. తమిళనాడులో 2003లో ప్రతి ఇంటికీ వాననీటి ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఊరంతా చెయ్యడంతో బావుల్లో మట్టం పెరిగిందని చిన్నాన్న చెప్పేవాడు. అదే చెన్నై 2019 జూన్‌లో చెరువులెండిపోయి నీళ్ళకు అల్లాడింది. అందుకని ఇంకుడుగుంటలు దండగ అనేవాళ్ళున్నారు. చిన్నాన్న వాళ్ళ సందులో ఆ ఏడాది మూతలు తీసి చూస్తే పదింటిలో ఎనిమిది పూడిపోయి ఉన్నాయట. ఏటా ఒకసారి పూడిక తీయించుకోవాల్సిన గుంటను పదహారేళ్ళు వదిలేసి, అది పనిచేయలేదనడం ఏం న్యాయం?

"ఎవరడిగినారు సామీ?"

నాతో పదో తరగతి చదివినవాడు ఒకడు చిన్న బిల్డరు. ఏడాదికి ఒకటి కడతాడు. వాడి దగ్గర కూర్చుని ఇదంతా చెప్పాను. ఓపికగా విన్నాడు. "నువ్వు చెప్పేదంతా కరెక్టే సామీ. పన్నెండేళ్ళుగా కడతా ఉండా. పడమటి గోడ మందమెంత అని అడిగినోడు ఒక్కడూ లేడు. లిఫ్ట్ ఏ కంపెనీ అని మాత్రం ప్రతి ఒక్కడూ అడుగుతాడు" అన్నాడు.

ఒకసారి వాడు ఏఏసీ బ్లాకులతో కట్టి చూశాడట. గాలి బుడగలతో ఉబ్బిన సిమెంటు దిమ్మెలవి. ఎర్ర ఇటుకతో పోలిస్తే బరువు మూడో వంతు, వేడిని కూడా నాలుగో వంతు మాత్రమే లోపలికి పంపుతాయి. గృహప్రవేశమైన నెలలోనే ఫోన్లు. మేకు కొడితే నిలవడం లేదని ఒకరు, గోడ డొల్లగా మోగుతోందని ఇంకొకరు, చీలికలు వచ్చాయని మరొకరు. "ఎర్ర ఇటుకతోనే కట్టినాం అని బోర్డు పెట్టుకుంటే అమ్ముడుపోతాయి. మధ్యలో నేనెందుకు మీకు చల్లదనం నేర్పించేది?" అన్నాడు.

వాడి మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ పూర్తిగా లేదు. తొమ్మిదంగుళాల గోడ పెడితే గదిలో మూడంగుళాలు పోతుంది. ఊళ్ళో అంకణం ధర తెలిసినవాడెవడూ మూడంగుళాలను తేలిగ్గా వదులుకోడు. వాడు వేసిన లెక్క సరైనదే. కానీ ఆ లెక్కలో రాబోయే ముప్పై ఏళ్ళ కరెంటు బిల్లు లేదు, ఎందుకంటే అది వాడిది కాదు. కొనేవాడి ఈఎమ్ఐ లెక్కలోనూ అది లేదు. అది నాకు వింతగా అనిపిస్తుంది. గ్రానైటుకు రెండు లక్షలు ఎక్కువైనా ఇస్తాం, అది చుట్టాలకు కనిపిస్తుంది. గోడ లోపల ఉన్నది ఎవరికి చూపిస్తాం?

హైదరాబాదులో పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ళ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2003లోనే, పర్యావరణానికి మేలైన కట్టడాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు అమెరికా బయట పొందిన మొదటి కట్టడం అది. అంటే తెలిసినవాళ్ళు మన మధ్య ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నారు. కట్టడాలకు గ్రీన్ సర్టిఫికెట్లిచ్చే సంస్థలూ ఉన్నాయి, ఐజీబీసీ, 'గృహ' (GRIHA) వంటివి. వాటిని తక్కువ చెయ్యను. కానీ పది ఎకరాల టౌన్‌షిప్ కట్టేవాడికి ఆ ఫీజు, ఆ కన్సల్టెంటు ఒక లెక్క కాదు. 190 అంకణాల్లో ఇరవై ఫ్లాట్లు కట్టే మావాడికి అవి అందవు. ఊరు పెరుగుతున్నదేమో ఎక్కువగా మావాడిలాంటి వాళ్ళ చేతుల్లోనే.

ఇక ఆ బ్రోచర్‌లో పచ్చిక. దానికి రోజూ నీళ్ళు కావాలి, నీడ మాత్రం ఇవ్వదు. ప్రహరీ వెంట కోనోకార్పస్ మొక్కల వరస పెట్టారు. ఆర్నెల్లలో పచ్చటి గోడలా లేస్తాయని కుర్రాడు మురిపెంగా చెప్పాడు. గుజరాత్‌లో 2023లో దాన్ని నాటకూడదని నిషేధించారు. దాని బదులు పడమటి వైపు నాలుగు కానుగ మొక్కలు పెడితే అయిదారేళ్ళకు రెండో అంతస్తు దాకా నీడ వస్తుంది. కానీ బ్రోచర్ అమ్మాల్సింది ఈ ఏడాది.

నా ఇంటి సంగతి

ఇంత మాట్లాడుతున్నవాడి ఇంట్లో రెండు ఏసీలున్నాయి. నైరుతి గదిలో ఒకటి, పిల్లల గదిలో ఒకటి. రోహిణి కార్తెలో మా అమ్మకు ఊపిరి ఆడకపోతే ఏసీ వెయ్యకుండా పడమటి గోడ గురించి ప్రసంగం ఇవ్వలేను కదా. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏసీని విలాసం అనేవాళ్ళతో నాకు పడదు. ఇప్పటికే కట్టిన ఇంట్లో నేను చేయగలిగిందల్లా బయటి వైపు వెదురు తడిక కట్టడం. కిటికీకి లోపల మందపాటి కర్టెన్ వేస్తే ఎండ గాజు దాటి లోపలికి వచ్చేసి, కర్టెన్‌కూ గాజుకూ మధ్య ఇరుక్కుంటుంది. బయటే ఆపాలి. పుత్తూరు నుంచి మూడు తడికలు తెచ్చి కట్టాక, రాత్రి ఏసీ 24 మీద పెట్టినా సరిపోతోంది, ఇంతకుముందు 20 ఉండేది. మూడో అంతస్తు ఆంటీ మాత్రం "అపార్ట్‌మెంటు ఎలివేషన్ పాడుచేశారు, కోళ్ళఫారంలా ఉంది" అంది. ఉన్న మాటే. కోళ్ళఫారం వాళ్ళకు ఎండ సంగతి మనకన్నా బాగా తెలుసు.

ఇంకో అనుమానం కూడా నన్ను వదలదు. అసలు అపార్ట్‌మెంటే తప్పు, నాలుగు సెంట్లలో చెట్లు పెట్టుకుని ఇల్లు కట్టుకోవడమే పర్యావరణానికి మంచిదని మిత్రులంటారు. కొన్నాళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. ఇరవై కుటుంబాలు ఇరవై ఇళ్ళు కట్టుకుంటే ఎంత నేల పోతుంది? ఎంత పైకప్పు ఎండకు మాడుతుంది? అవిలాల దాటి, పొలాలు దాటి, ప్రతి ఇంటికీ రెండు బండ్లు. ఫ్లాటులో నా నేల కింది వాడికి కప్పు, నా తూర్పు గోడ పక్కవాడికి పడమటి గోడ. మధ్య అంతస్తు మధ్య ఫ్లాటు వాళ్ళింట్లో మే నెలలో కూడా ఒక ఫ్యానుతో సరిపెట్టుకుంటారు, నేను పోయి చూశాను. కాబట్టి కలిసి ఉండడం వల్ల మేలే ఎక్కువ. చివర్లో ఉన్నవాళ్ళు, మీద ఉన్నవాళ్ళు అందరి బదులూ ఎండను మోస్తుంటే, వాళ్ళ గోడలను అందరి గోడల్లాగే కట్టడం దగ్గర వస్తుంది గొడవ.

ఆ మీద ఉన్నవాళ్ళ గొడవే సోలార్ దగ్గర తేలింది. 2024లో మిద్దెల మీద సోలార్ కోసం కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ వచ్చినప్పుడు, సొంతింటి వాళ్ళకు మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ అన్నారు. అపార్ట్‌మెంట్లకు ఉమ్మడి అవసరాల కోసం కిలోవాటుకు 18,000. మాకు లిఫ్టు, మోటార్లు, మెట్ల లైట్లు ఉన్నాయి. పది కిలోవాట్లు పెడితే వెయ్యి అడుగుల మిద్దె పడుతుంది, రోజుకు నలభై యూనిట్ల దాకా వస్తుంది. లెక్క బాగానే ఉంది. మిద్దె ఎవరిదన్నదే తేలలేదు. బట్టలెక్కడ ఆరేయాలని కొందరు, వడియాలు ఎక్కడ పెట్టాలని కొందరు. కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ పెద్దాఫీసు మన ఊళ్ళోనే ఉంది కదా, మనం లైనుకు పంపిన కరెంటును లెక్కేసే నెట్ మీటర్‌కు ఎంతసేపని ధైర్యం చెప్పేవాళ్ళు ఇంకొందరు. చివరికి ఒప్పుకున్నది, అంతకుముందు అందరికన్నా గట్టిగా వద్దన్న పై అంతస్తు వాళ్ళే. ప్యానెళ్ళు ఎనిమిదడుగుల ఎత్తు ఫ్రేము మీద పెడతామని, వాళ్ళ స్లాబు మీద నీడ పడుతుందని చెప్పాక వాళ్ళే మిగతావాళ్ళను తిట్టి ఒప్పించారు. వడియాలు ఇప్పుడు ప్యానెళ్ళ పక్కన, ఎండ పడే వైపు పెడుతున్నారు. కరెంటు గురించి మూడు మీటింగుల్లో నేను చూపించిన కాగితాలేవీ వాళ్ళు చూడనేలేదు.

పోయిన శనివారం మా బావమరిది కుటుంబంతో దిగాడు. అందరం కలిసి సైటుకు పోయాం, నా పోరు పడలేక సాయంత్రం ఆరున్నరకు. మా అత్త నాలుగంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ ఆ నైరుతి గదిలో గోడకు ఆనుకోబోయి వెనక్కి జరిగింది. "ఇందులో ఎవరు పడుకుంటారు నాయనా?" అని కుర్రాడిని అడిగింది. "ఇది మాస్టర్ బెడ్‌రూమ్ అమ్మా" అన్నాడు వాడు. ఆమె ఏమీ అనకుండా తూర్పు వైపు చిన్న గదిలోకి పోయి కూర్చుంది.

బావమరిది అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. తూర్పు వరసలో మూడో అంతస్తు ఉందేమో అడిగాడు. మిద్దె నీళ్ళ పైపులు ఎక్కడికి దిగుతాయో డ్రాయింగు పంపమన్నాడు. ఆ డ్రాయింగు తమ దగ్గర లేదని, ఇంజినీరును అడిగి శుక్రవారం పంపుతామని చెప్పారు.